మేం కొనబోయేది ‘హయ్యర్ రిస్క్ బిల్డింగ్’ అట. నాన్న వద్దంటున్నారు. మీరేమంటారు?

గుంటూరు ఘాటు | సోమవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

తూర్పు లండన్‌లో ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ నచ్చింది. 2009లో కట్టిన బిల్డింగ్, గ్రౌండ్ కాక పైన ఆరు ఫ్లోర్లు. మాది ఐదోది. 4 లక్షల 10 వేల పౌండ్లకి బేరం కుదిరింది. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా సొలిసిటర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇది బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ కింద ‘హయ్యర్ రిస్క్ బిల్డింగ్’ అని, ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్, లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికేట్ అని రెండు కాగితాలు రావాలని, లెండర్ ఈడబ్ల్యూఎస్1 (బయటి గోడలకి మంట ప్రమాదం ఎంతో చెప్పే ఫారం) కూడా అడుగుతున్నాడని దాని సారాంశం.

ఆ మెయిల్‌ని మా ఆవిడ పైకి చదివేసింది. అదే సమయానికి వీడియో కాల్‌లో నాన్న ఉన్నారు. “హై రిస్క్ అని వాళ్ళే రాసిచ్చాక కూడా కొంటావేంట్రా?” అన్నారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఫోన్. అద్దె ఇంట్లోనే ఉండండి, చిన్న పిల్లతో అంత ఎత్తులో ఎందుకు అంటారు.

నాకు తెలియాల్సినవి మూడు. నిజంగానే ఈ బిల్డింగ్ ప్రమాదమా? రేపు క్లాడింగ్ (గోడలకి బయట తొడిగే ప్యానెల్స్) మార్చాలని బిల్లు వస్తే ఎవరు కట్టాలి? మూడు ఇళ్ళకి మించి ఉంటే రక్షణ ఉండదని ఎక్కడో చదివాను, గుంటూరులో నా పేరు మీద ఒక ఇల్లుంది, అది కూడా లెక్కలోకి వస్తుందా?

---

అద్దెకొంప | సోమవారం, రాత్రి 10:41

పారిపో బ్రదర్. నా మాట విను. ఏడు అంతస్తులు దాటిన దాని జోలికి వెళ్ళకు. నాకు 38 వేల పౌండ్ల బిల్లు వచ్చింది. చట్టం లీజ్‌హోల్డర్లని, అంటే ఫ్లాట్‌ని పొడుగు లీజ్ మీద కొన్నవాళ్ళని, కాపాడుతుందని టీవీలో చెప్పినవాళ్ళెవరూ నన్ను కాపాడలేదు. వివరాలు తర్వాత రాస్తా, ఇప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టదు.

---

స్టీలూ సిమెంటూ | మంగళవారం, ఉదయం 7:20

ఘాటు గారూ, ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పండి. ‘హయ్యర్ రిస్క్’ అనేది బిల్డింగ్‌కి ఇచ్చిన మార్కులు కాదు, దాని సైజు పేరు. లారీకి హెవీ వెహికల్ అని రాస్తే అది గుద్దేస్తుందని కాదు కదా. దానికి వేరే లైసెన్సు, వేరే తనిఖీ ఉంటాయని. ఇదీ అంతే.

నేను ఫైర్ ఇంజనీరింగ్ వైపు పదకొండేళ్ళుగా పని చేస్తున్నా, కాబట్టి కాస్త పొడుగు అవుతుంది, భరించండి.

ఇంగ్లండ్‌లో జనం నివసిస్తున్న బిల్డింగ్ ఈ కోవలోకి రావాలంటే కనీసం 18 మీటర్ల ఎత్తు ఉండాలి, లేదా కనీసం 7 అంతస్తులు ఉండాలి. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. లోపల కనీసం రెండు నివాసాలు ఉండాలి. మీది మన భాషలో జీ ప్లస్ 6. ఇక్కడివాళ్ళు గ్రౌండ్‌ని సున్నా అంటారు కాబట్టి అన్నిటికన్నా పైది ‘సిక్స్త్ ఫ్లోర్’ అనగానే ఆరే అనుకుంటాం. లెక్కపెడితే ఏడు. మీటర్లు కొలవక్కర్లేకుండానే మీది లోపలికి వచ్చేసింది.

ఇదంతా ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం. నాలుగో ఫ్లోర్‌లో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట కిటికీ దాటి బయట గోడ పట్టుకుంది. గోడకి తొడిగిన అల్యూమినియం ప్యానెల్స్ మధ్యలో పాలిథిన్ ఉంది. 24 అంతస్తుల టవర్, 72 మంది పోయారు. ఎవరి ఫ్లాట్‌లో వాళ్ళు ఉండండి అన్న ‘స్టే పుట్’ సలహాని తెల్లవారుజాము 2:47కి గానీ ఎత్తెయ్యలేదు. అది ఎత్తేసిన అధికారి ఆండీ రో. తర్వాత లండన్ ఫైర్ కమిషనర్ అయ్యారు. బిల్డింగ్ సేఫ్టీ రెగ్యులేటర్‌ని (ఇలాంటి బిల్డింగుల్ని చూసే ప్రభుత్వ విభాగం) హెచ్‌ఎస్‌ఈ (పనిచోట భద్రత చూసే సంస్థ) నుంచి విడదీసి వేరే సంస్థగా చేస్తామని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు, దానికి అధ్యక్షుడిగా పెట్టింది కూడా ఆయన్నే.

గ్రెన్‌ఫెల్ తర్వాత ప్రభుత్వం వేయించిన స్వతంత్ర సమీక్ష మీద డేమ్ జుడిత్ హాకిట్ 2018 మేలో నివేదిక ఇచ్చారు. ఎవరు ఏం కట్టారో, ఏ ప్యానెల్ బదులు ఏది పెట్టారో ఎవరి దగ్గరా సరైన కాగితం లేదన్నది అందులో ఒక పెద్ద ఫిర్యాదు. దాన్నుంచి వచ్చిందే 2022 ఏప్రిల్ 28 నాటి బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఈ చట్టం చూసే ప్రమాదాలు రెండే: మంట వ్యాపించడం, కట్టడం కూలడం. రెండోది ఎందుకంటే రోనన్ పాయింట్. మీరు కొనేది తూర్పు లండన్‌లోనే అన్నారు కదా, అదీ ఆ వైపే, న్యూహామ్‌లో ఉండేది. 22 అంతస్తులు. తెరిచి దాదాపు రెండు నెలలే అయింది. 1968 మే 16, ఇంకా ఆరు కూడా కాలేదు, 18వ ఫ్లోర్‌లో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. గ్యాస్ లీకై ఉంది. పేలుడు పెద్దదేం కాదు, ఆవిడ బతికింది. కానీ గోడ ప్యానెల్ ఒకటి బయటికి తన్నుకుపోయేసరికి దాని మీద ఆనుకున్నవన్నీ పేకముక్కల్లా ఆ మూలంతా కిందిదాకా వచ్చేశాయి. నలుగురు పోయారు. ఒక చోట దెబ్బ తగిలితే మొత్తం కూలకూడదన్న నిబంధన బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లోకి వచ్చింది దాని తర్వాతే.

---

కొత్తగా వచ్చా | మంగళవారం, ఉదయం 8:05

అన్నా, 18 మీటర్లు అంటే రూఫ్ దాకానా? మేం మొన్నటిదాకా ఉన్న బిల్డింగ్ ఆరు అంతస్తులే, కానీ వాలు మీద ఉంది. ఒకవైపు పొట్టిగా, ఇంకోవైపు పొడుగ్గా కనిపిస్తుంది.

---

స్టీలూ సిమెంటూ | మంగళవారం, ఉదయం 8:32

మంచి ప్రశ్న. రూఫ్ దాకా కాదు. అన్నిటికన్నా పై అంతస్తులో మనం కాలు పెట్టే నేల వరకు కొలవాలి. కింద ఎక్కణ్ణుంచి అంటే, బిల్డింగ్ చుట్టూ నేల ఎక్కడ అన్నిటికన్నా పల్లంగా ఉందో అక్కణ్ణుంచి. వాలు మీద ఉంటే పల్లం వైపే లెక్క. కేవలం మెషినరీ ఉన్న రూఫ్ గది లెక్కలోకి రాదు. నేలలోపల ఉన్న బేస్‌మెంట్ అంతస్తుగా లెక్కకి రాదు.

హోటళ్ళు, జైళ్ళు, మిలటరీ బ్యారక్స్ ఇందులో లేవు. హాస్పిటళ్ళు, కేర్ హోములు కట్టేటప్పుడు మాత్రం ఉంటాయి, వాడకంలోకి వచ్చాక ఈ లెక్క నుంచి బయటికి వెళ్ళిపోతాయి. ఎందుకలా అని నన్ను అడక్కండి, దానికో పెద్ద కథ.

---

చార్మినార్ చాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

హైదరాబాద్ నుంచి ఒక మాట. మా దగ్గర కూడా 18 మీటర్ల గీతే పెట్టారు. 2012 నాటి 168 జీవోలో హైరైజ్ అంటే 18 మీటర్లు, ఆపైన. చుట్టూ ఎక్కువ ఖాళీ స్థలం లాంటి నిబంధనలు దానికి. కానీ మొన్న 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయిన ఇల్లు హైరైజ్ కానే కాదు. పాత ఇల్లు, పోయేదానికీ వచ్చేదానికీ ఒక ఇరుకు దారి. మీటర్ల లెక్కతోనే సేఫ్టీ వస్తదని అనుకోవద్దని చెప్తున్న, అంతే.

---

అద్దెకొంప | మంగళవారం, మధ్యాహ్నం 1:25

హైదరాబాద్‌లో కనీసం బిల్డర్ కంటికి కనిపిస్తాడు, వెళ్ళి అరవొచ్చు. ఇక్కడ ఫ్రీహోల్డర్ (స్థలానికీ బిల్డింగ్‌కీ అసలు ఓనర్) ఏ దీవిలో కంపెనీ పెట్టుకున్నాడో కూడా తెలీదు.

---

అరుగు పెద్ద (నిర్వాహకులు) | మంగళవారం, మధ్యాహ్నం 2:00

ఇక్కడా అక్కడా పోలికలకి వేరే అరుగు ఉంది, అక్కడ కానివ్వండి. దీన్ని ఘాటు గారి ఫ్లాట్ దగ్గరే ఉంచుదాం. అద్దెకొంప గారూ, మీ కథ బాకీ ఉంది.

---

కాగితాల పులి | మంగళవారం, రాత్రి 9:18

నేను కన్వేయన్సింగ్ (ఇళ్ళ అమ్మకాలు, కొనుగోళ్ళ కాగితాలు చూసే) ఆఫీసులో పని చేస్తాను. మీ రెండో ప్రశ్న, మూడో ప్రశ్న రోజూ నా బల్ల మీద ఉండేవే. ఇది సలహా కాదు, మీ సొలిసిటర్‌ని ఏం అడగాలో తెలియడానికి రాస్తున్నా.

బిల్డింగ్ కనీసం 11 మీటర్లు లేదా కనీసం 5 అంతస్తులు ఉంటే, లీజ్ ‘క్వాలిఫైయింగ్’ అయితే, క్లాడింగ్ పీకి మార్చడానికి లీజ్‌హోల్డర్ ఒక్క పౌండ్ కూడా కట్టక్కర్లేదు. చూశారా, ఇక్కడ గీత 18 కాదు, 11. రెగ్యులేటర్ గీత వేరు, డబ్బు గీత వేరు. ఈ రెండూ కలిపేసి జనం తికమక పడతారు.

క్లాడింగ్ కాని లోపాలు, అంటే గోడల లోపల మంటని ఆపే అడ్డులు లేకపోవడం లాంటివి, వేరే లెక్క. ఫ్రీహోల్డరే డెవలపర్ అయినా, వాళ్ళకి సంబంధించినవాడైనా, లేదా ఆ కంపెనీల గుంపుకి ఇలాంటి ఒక్కో బిల్డింగ్‌కి 20 లక్షల పౌండ్ల చొప్పున లెక్కేసినదానికి మించి ఆస్తి ఉన్నా, మీ మీద పైసా పడదు. అలా కాకపోతే లండన్‌లో మామూలు ఫ్లాట్‌కి గరిష్ఠంగా 15 వేలు, బయట 10 వేలు. అదీ ఒకేసారి కాదు, పదేళ్ళ మీద. వేకింగ్ వాచ్ (మంట కోసం మనుషుల్ని కాపలా తిప్పడం) ఖర్చు కూడా ఆ పరిమితిలోనే. ఫ్లాట్ విలువ లండన్‌లో 3 లక్షల 25 వేల లోపు, బయట లక్షా 75 వేల లోపు ఉంటే అది కూడా సున్నా. 10 లక్షలు దాటిన ఫ్లాట్లకి పరిమితి పెద్దది, అది మనకి అనవసరం.

ఇక క్వాలిఫైయింగ్ అంటే ఏమిటి? అంతా 2022 ఫిబ్రవరి 14 అనే ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది. ఆ తేదీకి ముందే లీజ్ పుట్టి ఉండాలి. ఆ రోజున ఆ ఫ్లాట్ దాని ఓనర్ సొంతంగా ఉంటున్న ఇల్లయి ఉండాలి, లేదా ఆ ఫ్లాట్ కాకుండా అతనికి యూకేలో రెండు ఇళ్ళకి మించి ఉండకూడదు.

‘యూకేలో’. కాబట్టి గుంటూరు ఇల్లు లెక్కలో లేదు. అసలు మీ ఇళ్ళు ఎన్ని ఉన్నా లెక్కలో లేవు, ఎందుకంటే ఆ రోజున ఈ ఫ్లాట్ మీది కాదు. ఆనాటి ఓనర్ ఎవరో, ఆయనకి ఎన్ని ఉన్నాయో అదే లెక్క. ఆయన అర్హుడైతే ఆ రక్షణ లీజ్‌తో పాటే మీకు వస్తుంది. కాకపోతే మీరు ఎంత బుద్ధిమంతులైనా రాదు.

దీనికి రుజువే ‘డీడ్ ఆఫ్ సర్టిఫికేట్’. ఫ్రీహోల్డర్ వైపు నుంచి ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్. అమ్మకం జరగబోతోందని తెలిపిన 4 వారాల్లో అది ఇవ్వాలి. సరిగ్గా ఇవ్వకపోతే ఆ లోపాల డబ్బు లీజ్‌హోల్డర్ల దగ్గర వసూలు చేసే హక్కు పోతుంది. ఈ ఒక్క వాక్యం మెయిల్‌లో పెడితే మేనేజింగ్ ఏజెంట్లు ఎంత చురుగ్గా కదులుతారో చూడాలి.

---

అద్దెకొంప | మంగళవారం, రాత్రి 9:50

పులి గారు చెప్పిన తేదీయే నా కొంప ముంచింది. మేం ఉంటున్న ఇల్లు, అద్దెకిచ్చిన ఫ్లాట్లు రెండు. మొత్తం మూడు. హాయిగా ఉండేవాణ్ణి. 2022 జనవరిలో రేటు బాగుందని ఇంకో ఫ్లాట్ కొన్నా. నాలుగు వారాల తర్వాత ఫిబ్రవరి 14. మూడు ఫ్లాట్లూ అర్హత లేనివి అయిపోయాయి. ఒక్కటి కాదు, మూడూ. ఆ బిల్డింగుల్లో ఒకదానికి క్లాడింగ్ డబ్బు స్కీమ్ నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకోదానికి క్లాడింగ్ కాని పని, దాని బిల్లే 38 వేలు. పక్క ఫ్లాట్ ఆవిడకి సున్నా. లిఫ్ట్‌లో కనిపిస్తే పలకరించడానికి కూడా మనసొప్పట్లేదు. ఆవిడ తప్పేం లేదనుకోండి.

---

గుంటూరు ఘాటు | బుధవారం, ఉదయం 6:55

అయ్యో అన్నా, నాలుగు వారాలు!

పులి గారూ, చాలా థాంక్స్. కానీ ఇప్పుడు కొత్త టెన్షన్. మాకు అమ్ముతున్నావిడ 2023లో కొన్నారు. అంటే 2022 నాటి ఓనర్ వేరే మనిషి. ఆయన దేశం వదిలి వెళ్ళిపోయారట. మరి డీడ్ ఎవరు ఇస్తారు?

---

కాగితాల పులి | బుధవారం, మధ్యాహ్నం 12:40

నాకు తలనొప్పి తెప్పించేది సరిగ్గా ఇదే. డీడ్‌ని ఇప్పుడున్న ఓనరే ఇవ్వొచ్చు, కానీ ఆనాటి సంగతికి రుజువు కావాలి. ఆవిడ 2023లో కొన్నారంటే అప్పటికే చట్టం వచ్చి ఉంది. ఆవిడ సొలిసిటర్ అప్పుడే డీడ్ తీసుకుని ఉండాలి. పాత ఫైల్ తియ్యమనండి. “మా దగ్గర లేదు” అని మొదట అంటారు. రెండోసారి అడగండి, ఉంటుంది.

ఆనాటి ఓనర్ ఆ ఫ్లాట్‌లోనే ఉంటున్నాడని చూపించే కాగితాలు, కౌన్సిల్ టాక్స్ బిల్లు లాంటివి, దానికి జతగా ఉండాలి. అవి లేకుండా మాత్రం ముందుకు వెళ్ళకండి.

ఇంకో సంగతి. బిల్డింగ్‌ని లీజ్‌హోల్డర్లే కలిసి ఫ్రీహోల్డ్ కొనుక్కుని ఉంటే ఈ రక్షణలు వర్తించకపోవచ్చు. ‘షేర్ ఆఫ్ ఫ్రీహోల్డ్’ అని ఏజెంట్ గొప్పగా చెప్తే ఒక్క క్షణం ఆగండి.

---

చింతకాయ పచ్చడి | బుధవారం, రాత్రి 11:30

ఇక్కడ అందరూ డబ్బు గురించి రాస్తున్నారు. నేను వేరేది చెప్తాను.

మాంచెస్టర్‌లో మా బిల్డింగ్ తొమ్మిది అంతస్తులు. 2020లో గోడలు తెరిచి చూసి, క్లాడింగ్ మంచిది కాదని తేల్చారు. ఆ రాత్రి నుంచి వేకింగ్ వాచ్. అంటే ఏమిటో తెలియనివాళ్ళకి: ఇద్దరు మనుషులు పసుపు జాకెట్లేసుకుని, చేతిలో గాలి హారన్ పట్టుకుని రాత్రంతా కారిడార్లలో తిరుగుతారు. మంట కనిపిస్తే హారన్ కొడతారు, అందరూ దిగిపోవాలి. బూట్ల చప్పుడు గంటకోసారి మా తలుపు ముందుకి వచ్చి వెళ్ళేది. మా బాబుకి అప్పుడు ఐదు నెలలు. ఆ చప్పుడు రాని రాత్రి నాకు మెలకువ వచ్చేది. ఎందుకు రాలేదా అని.

దాని ఖర్చు సర్వీస్ ఛార్జ్‌లో (మన మెయింటెనెన్స్ లాంటిది) వేశారు. 2022 చట్టం వచ్చేదాకా కడుతూనే ఉన్నాం. అమ్ముదామంటే ఈడబ్ల్యూఎస్1లో బీ2 రేటింగ్. బీ2 అంటే పని చేయాల్సిందేనని అర్థం. ఏ లెండర్ వచ్చినా ఫ్లాట్ విలువ సున్నా అని రాసేవాడు. సున్నా! మేం 2 లక్షల పైన పెట్టి కొన్నాం. కాయితం మీద సున్నా అయిన ఇంట్లో రోజూ ఇల్లు ఊడ్చి, ముగ్గు స్టిక్కర్ అతికించుకుని ఉన్నాం.

ఇప్పుడు పని అయిపోయింది. డెవలపర్ ఖర్చుతోనే. రెండేళ్ళు స్కాఫోల్డింగ్ మీద ప్లాస్టిక్ తెర, మధ్యాహ్నం కూడా లైటు వేసుకునేవాళ్ళం. కాబట్టి ఘాటు తమ్ముడూ, ‘నువ్వు కట్టక్కర్లేదు’ అంటే ‘నీకేమీ కాదు’ అని కాదు. కొనే ముందు ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్ అడుగు, గోడల గురించి విడిగా చేసిన ఎఫ్‌ఆర్‌ఏఈడబ్ల్యూ ఉంటే అదీ అడుగు. పని బాకీ ఉందా, ఎప్పుడు మొదలవుతుందో రాతపూర్వకంగా తీసుకో. సర్వీస్ ఛార్జ్ మూడేళ్ళవి చూడు, ఇన్సూరెన్స్ ఎంత పెరిగిందో ముఖ్యంగా చూడు.

---

స్టీలూ సిమెంటూ | గురువారం, ఉదయం 7:45

చింతకాయ గారు రాసింది ప్రింట్ తీసి గోడకి పెట్టుకోవాలి.

సర్వీస్ ఛార్జ్ గురించి ఒకటి కలుపుతా. పాత లోపాలు సరిచేసే ఖర్చు వేరు, కొత్త చట్టం ప్రకారం బిల్డింగ్‌ని నడిపే ఖర్చు వేరు. రెండోది మీ సర్వీస్ ఛార్జ్‌లోకి రావచ్చు, చట్టమే ఒప్పుకుంది. ఏమిటా ఖర్చు అంటే: ఇలాంటి ప్రతి బిల్డింగ్‌కీ ‘ప్రిన్సిపల్ అకౌంటబుల్ పర్సన్’ అని ఒకళ్ళు ఉండాలి, సాధారణంగా ఫ్రీహోల్డరో మేనేజ్‌మెంట్ కంపెనీయో. వాళ్ళు 2023 సెప్టెంబర్ 30 లోపు రిజిస్టర్ చేయించాల్సి ఉండేది, ఫీజు అప్పట్లో 251 పౌండ్లు. ఆ తర్వాత రిజిస్టర్ కాకుండా జనాన్ని ఉంచితే నేరం. ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, పోస్ట్‌కోడ్ కొట్టి వెతకండి. మీ బిల్డింగ్ అందులో లేకపోతే నాన్నగారు చెప్పిందే కరెక్ట్, వదిలేయండి.

తర్వాత ‘సేఫ్టీ కేస్ రిపోర్ట్’. ఈ బిల్డింగ్‌లో ఏం తప్పు జరగొచ్చు, జరిగితే ఏం అడ్డుకుంటుంది అన్నది రాసి పెట్టాలి. రెగ్యులేటర్ పిలిచినప్పుడు 28 రోజుల్లో ‘బిల్డింగ్ అసెస్‌మెంట్ సర్టిఫికేట్’కి అప్లై చేయాలి. పిలుపులు 2024 ఏప్రిల్ నుంచి విడతలవారీగా వెళ్తున్నాయి. ఆ సర్టిఫికేట్ ఇంకా లేనంత మాత్రాన బిల్డింగ్ చెడ్డదని కాదు, వంతు రాకపోయి ఉండొచ్చు.

---

కొత్తగా వచ్చా | గురువారం, ఉదయం 9:12

మాకో లెటర్ వచ్చింది అన్నా. మేం నలుగురం స్టూడెంట్స్, వేరే బ్లాక్‌లో 11వ ఫ్లోర్‌కి మారాం, అద్దెకే. తలుపు బయట చెప్పుల స్టాండ్ పెట్టుకున్నాం. అది తీసేయమని, తలుపు పైన ఉన్న ఇనప చెయ్యి మళ్ళీ బిగించమని రాశారు. ఆ చెయ్యి మేమే తీసేశాం, తలుపు దఢాల్‌మని మూసుకుంటోంది, రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చేవాడు అందర్నీ లేపుతున్నాడు. అద్దెకుండే వాళ్ళకి కూడా ఈ చట్టం వర్తిస్తుందా?

---

స్టీలూ సిమెంటూ | గురువారం, ఉదయం 9:40

వర్తిస్తుంది తమ్ముడూ. 16 ఏళ్ళు నిండి ఆ బిల్డింగ్‌లో ఉంటున్న ప్రతి ఒక్కరికీ. మంట వ్యాపించే, కట్టడం కూలే ప్రమాదం కలిగించకూడదు, సేఫ్టీ కోసం పెట్టినవాటిని కదపకూడదు, అకౌంటబుల్ పర్సన్ సమాచారం అడిగితే ఇవ్వాలి. ఈ మూడే. వినకపోతే నోటీసు, ఆ తర్వాత కౌంటీ కోర్టు.

మీరు ఇనప చెయ్యి అంటున్నది డోర్ క్లోజర్. ఆ తలుపు మామూలు తలుపు కాదు, అరగంట మంటని ఆపే తలుపు. ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్యండి. తలుపు సగం తెరిచి, దాని అంచుని వేలితో తడమండి. గాడిలో ఒక పట్టీ తగులుతుంది, పక్కనే బ్రష్‌లా సన్నని నూగు. వేడి తగిలితే ఆ పట్టీ ఉబ్బి, తలుపుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు పూడ్చేస్తుంది. నూగు పొగని ఆపుతుంది. ఇదంతా తలుపు మూసి ఉంటేనే. కంగారులో పరిగెత్తేవాడు వెనక్కి తిరిగి తలుపు వెయ్యడు. అందుకే క్లోజర్. గ్రెన్‌ఫెల్‌లో చాలా తలుపులకి క్లోజర్ పని చెయ్యలేదు, లేదా లేనే లేదు. మంట ఉన్న ఫ్లాట్ల పొగ లాబీల్లోకి, మెట్లలోకి వచ్చిందంటే అదొక కారణం. ఆ టవర్‌కి ఉన్నది ఒకటే మెట్లదారి.

దఢాల్‌మనకుండా చెయ్యొచ్చు. క్లోజర్ పక్కన చిన్న స్క్రూలు ఉంటాయి, వాటితో వేగం తగ్గుతుంది. మీరు తిప్పకండి, ఏజెంట్‌కి చెప్పండి. 11 మీటర్లు దాటిన బిల్డింగుల్లో ఫ్లాట్ తలుపుల్ని ఏడాదికోసారి, కామన్ ఏరియా తలుపుల్ని మూణ్ణెల్లకోసారి చూడాలని 2023 జనవరి నుంచి నిబంధన. తనిఖీకి వస్తే తలుపు తియ్యండి. ఇక చెప్పులు లోపల పెట్టుకోండి, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ కారిడార్‌లో పెట్టే పని అయితే అసలే వద్దు.

---

గుంటూరు ఘాటు | గురువారం, రాత్రి 8:30

ఇంకో చిన్న సందేహం. ఫ్లాట్ ఓపెన్ కిచెన్. ఇక్కడ అందరూ గోడలు కొట్టి ఓపెన్ చేసుకుంటుంటే, మా ఆవిడకి గోడ కావాలట. పోపు వేస్తే సోఫా దాకా వాసన వస్తుందని. చెక్క ఫ్రేమ్ మీద ప్లాస్టర్‌బోర్డు, ఒక తలుపు. తెలిసినవాళ్ళు రెండు రోజుల్లో పెట్టేస్తామన్నారు. పెట్టించేయొచ్చా?

---

స్టీలూ సిమెంటూ | గురువారం, రాత్రి 8:52

రెండు రోజుల్లో పెట్టేవాళ్ళకి ఒక దండం.

2023 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి బిల్డింగుల్లో బిల్డింగ్ కంట్రోల్ (పనులకి అనుమతి, తనిఖీ) రెగ్యులేటర్‌దే. కౌన్సిల్ కాదు, ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ కాదు. ఫ్లాట్ లోపల గోడ పెడితే గదులు మారతాయి. పడగ్గది నుంచి బయటికి వెళ్ళే దారి వంటగది పక్కగానా, వంటగదిలోంచా అన్నది మారుతుంది. పొగ అలారం ఎక్కడుందో, స్ప్రింక్లర్ ఉంటే దాని నీళ్ళు ఎంత దూరం పడతాయో మారుతుంది. కాబట్టి అనుమతి కావాలి. ఉన్న బిల్డింగ్‌లో పనికి చట్టప్రకారం 8 వారాల గడువు, కొత్త టవర్లకి 12. ఆ గడువులు దాటి నెలల తరబడి ఆగిపోయిన దరఖాస్తులు ఎన్నో. ఫ్రీహోల్డర్ ఒప్పుకోలు అదనం. కిటికీలు, వైరింగ్ లాంటివి కాంపిటెంట్ పర్సన్ స్కీమ్‌లో ఉన్న (తమ పనికి తామే సర్టిఫికేట్ ఇచ్చుకోగల) పనివాళ్ళు చేస్తే ఈ దరఖాస్తు అక్కర్లేదు. గోడ అందులోకి రాదు.

---

అద్దెకొంప | గురువారం, రాత్రి 9:05

పోపు వాసనకి ప్రభుత్వ అనుమతి. మన వంటకి దక్కిన గౌరవం ఇది.

---

చింతకాయ పచ్చడి | గురువారం, రాత్రి 9:20

బయటికి గాలి వదిలే చిమ్నీ ఉందో లేదో చూడు తమ్ముడూ. చాలా ఫ్లాట్లలో ఉన్నది అదే గాలిని తిప్పి మళ్ళీ ఇంట్లోకే వదిలే రకం. ఇంగువ సంగతి దానికి తెలీదు. మేం పోపు ఆదివారం ఒక్కసారే వేసి డబ్బాలో పెట్టుకుంటాం.

---

కాగితాల పులి | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మర్చిపోకముందే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు గానీ, మెట్లు దిగలేనివాళ్ళు గానీ ఉండబోతున్నారా? ఈ బిల్డింగుల్లో సొంతంగా దిగలేనివాళ్ళ కోసం తరలింపు ప్లాన్ అడిగి రాయించుకునే నిబంధనలు 2025లో వచ్చాయి, 2026 ఏప్రిల్ 6 నుంచి అమలు. మీ నాన్నగారు వచ్చి ఆరు నెలలు ఉంటే, మోకాళ్ళ నొప్పులుంటే, అడగండి. నామోషీ ఏం లేదు.

---

గుంటూరు ఘాటు | మొదటి పోస్టుకి ఇరవై ఆరు రోజుల తర్వాత, శనివారం, ఉదయం 10:02

అందరికీ ఒక అప్‌డేట్ బాకీ ఉన్నాను.

రిజిస్టర్‌లో బిల్డింగ్ ఉంది. ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్ పులి గారి వాక్యం మెయిల్‌లో పెట్టిన ఆరో రోజుకి వచ్చింది. 2022 నాటి ఓనర్ గురించిన డీడ్ మొదట లేదన్నారు. రెండోసారి అడిగాం. ఉంది! ఆ ఓనర్ అప్పుడు ఆ ఫ్లాట్‌లోనే ఉండేవాడు, కౌన్సిల్ టాక్స్ బిల్లు కూడా వెనక కుట్టి ఉంది. ఈడబ్ల్యూఎస్1లో బీ1, అంటే మండే సామాను కొంత ఉన్నా పని చేయాల్సినంత ప్రమాదం లేదని. ఆ ఫారం చెల్లేది ఐదేళ్ళే, ఇంకో ఏడాదిలో అయిపోతుంది, అది గుర్తు పెట్టుకున్నాం. లెండర్ ఒప్పుకున్నాడు. ఇన్సూరెన్స్ మాత్రం చింతకాయ అక్క భయపడినట్టే నాలుగేళ్ళలో రెట్టింపైంది. దాన్ని చూపించి ధర 6 వేలు తగ్గించుకున్నాం. గోడ ఆలోచన మా ఆవిడ ప్రస్తుతానికి పక్కన పెట్టింది. ప్రస్తుతానికి మాత్రమే.

నాన్న. నిన్న రెండోసారి ఫ్లాట్ చూడటానికి వెళ్ళినప్పుడు వీడియో కాల్ చేసి తలుపు చూపించాను. క్లోజర్, పట్టీ, నూగు అన్నీ. తెరిచి వదిలేస్తే దానంతట అది వచ్చి టక్‌మని మూసుకుంది. “ఇంకోసారి వదులు” అన్నారు. మూడుసార్లు వదిలించారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సరే, మరి మామిడాకులు ఎక్కడ కడతావు?” అన్నారు.

ఎవరైనా చెప్పండి, తలుపు ఫ్రేమ్‌కి చిన్న మేకు కొట్టొచ్చా?

---

స్టీలూ సిమెంటూ | శనివారం, ఉదయం 10:20

కొట్టొద్దు. తలుపుకీ వద్దు, ఫ్రేమ్‌కీ వద్దు. లోపలి వైపు గోడకి, ఫ్రేమ్ నుంచి జానెడు పైన, అతికించే హుక్ పెట్టండి. ఆకులు తలుపు మూసుకునే దారిలోకి వేలాడకుండా చూసుకోండి.